వాదించే వకీలు, వసూలు చేసే వకీలు

తెలుగుదేశంలో కోర్టు మెట్లెక్కిన మనిషి నోట వినిపించే మాటల్లో చాలా భాగం అరబీ, పారసీ భాషల నుంచి వచ్చినవే. దావా, వకీలు, వకాల్తా, హాజరు, వాయిదా, రుజువు, రాజీ, జామీను, జప్తు, బాకీ, వసూలు, ఇవన్నీ అక్కడి నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయాయి. వీటిలో కొన్నింటికి దారిలో అర్థం కూడా మారింది. అరబీలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. కోర్టు తరఫున జప్తుకు వచ్చే ఉద్యోగిని తెలుగువారు ‘అమీనా’ అన్నారు. ఆ మాటకు మూలార్థం నమ్మకస్తుడు, అమానతును కాపాడేవాడు అని.

ఈ మాటల్లో వకీలు, వసూలు అనే రెండింటికీ మధ్య ఉన్న సంబంధాన్ని గూర్చి ఆలోచించవలసిన అవసరం సామాన్యులకు తరచుగా కలుగుతుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక చిన్న వర్తకుడికి పది, ఇరవై వేల రూపాయల బాకీ రావలసి ఉందనుకుందాం. అతడు దావా వేశాడు, గెలిచాడు. డిక్రీ కాగితం చేతికి వచ్చింది, పైసా మాత్రం రాలేదు. ఓడినవాడు ఇల్లు మార్చి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈ వర్తకుడు తానే కోర్టు చుట్టూ తిరగాలా? మళ్ళీ వకీలును పెట్టుకోవాలా? లేక, వచ్చిన దాంట్లో ఇంత భాగం ఇస్తే వసూలు చేసి పెడతానని వచ్చిన మూడో మనిషికి ఆ పని అప్పగించాలా?

ఈ ప్రశ్న నేటిది కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు శతాబ్దాల క్రితమే దీనిని విడమరచి చర్చించారు. చిత్తూరు ప్రాంతంలో రెండు వందల ఏళ్ళకు పైబడిన న్యాయస్థానాల చరిత్ర కూడా ఇదే ప్రశ్నకు తన అనుభవం నుంచి సమాధానం చెబుతుంది. ఆ రెండు సమాధానాలూ ఒకే చోటికి చేరడం గమనించదగిన విషయం.

ఫిఖ్హ్ గ్రంథాలలో వకాలత్

తన పనిని మరొకరికి అప్పగించి, ఆ పనిలో అతణ్ణి తన స్థానంలో నిలబెట్టడమే వకాలత్. స్వయంగా చేయదగిన ప్రతి లావాదేవీలోనూ మనిషి మరొకరిని వకీలుగా నియమించుకోవచ్చునని ధర్మశాస్త్రవేత్తలు అంగీకరించారు. హజ్రత్ అలీ (రజి) వివాదాలలో స్వయంగా వాదించడానికి ఇష్టపడేవారు కారనీ, మొదట తన సోదరుడు అకీల్‌ను (రజి), ఆయన వృద్ధుడైన తర్వాత అబ్దుల్లా బిన్ జాఫర్‌ను (రజి) తన తరఫున వాదించడానికి నియమించారనీ గ్రంథాలు పేర్కొంటున్నాయి. కనుక వకీలును పెట్టుకోవడం చేతకానితనమూ కాదు, మర్యాద తక్కువా కాదు.

అయితే ఆ వకీలు అధికారం ఎంతవరకు? హనఫీ సంప్రదాయంలో ఎక్కువగా అధ్యయనం చేయబడిన ‘హిదాయా’ గ్రంథంలో దీనికి స్పష్టమైన చర్చ ఉంది. ఆ గ్రంథకర్త ఫర్గానా ప్రాంతానికి చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ). ఆయన 1197లో మరణించారు. ఆయన ఎత్తుకున్న ప్రశ్న ఇది: ఒకణ్ణి వాదించడానికి వకీలుగా నియమిస్తే, వాదన గెలిచాక వచ్చే సొమ్మును పుచ్చుకునే అధికారం కూడా అతనికి వస్తుందా?

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) వస్తుందన్నారు. ఒక పని అప్పగించినవాడు ఆ పని పూర్తయ్యేవరకూ అప్పగించినట్లే, సొమ్ము చేతికి వస్తేనే గదా వివాదం ముగిసేది, అని వారి తర్కం. మరొక శిష్యుడు ఇమామ్ జుఫర్ (రహ్మ) దీనికి ఒప్పుకోలేదు. యజమాని అతని వాక్చాతుర్యాన్ని నమ్మాడే గాని అతని చేతిని నమ్మినట్లు ఎక్కడా చెప్పలేదు, వాదించడం వేరు, సొమ్ము పుచ్చుకోవడం వేరు, అని ఆయన అభిప్రాయం.

శాస్త్ర నియమాన్ని బట్టి ముగ్గురు పెద్దల మాటే నిలబడాలి. కాని తన కాలంలో ఫత్వా జుఫర్ అభిప్రాయం మీదనే ఇవ్వబడుతున్నదని మర్గీనానీ రాశారు. వకీళ్ళలో నమ్మకద్రోహం కనిపిస్తున్నది గనుక, వాదనకు నమ్మదగినవాడు ధనానికి నమ్మదగినవాడు కాకపోవచ్చును గనుక, అని అందుకు కారణం చెప్పారు. ఇక్కడ శాస్త్రం మారలేదు, మనుషులు మారారు. మారిన మనుషుల్ని చూసి న్యాయవేత్తలు నియమాన్ని బిగించారు. ఈ హిదాయా గ్రంథమే వారన్ హేస్టింగ్స్ కాలంలో పారసీలోకి మార్చబడి, ఆ పారసీ నుంచి చార్లెస్ హామిల్టన్ చేత 1791లో ఇంగ్లీషులోకి వచ్చి, కంపెనీ కోర్టులలో ప్రామాణిక గ్రంథమయింది.

వకీలుకు ప్రతిఫలం ఇవ్వడంలో తప్పులేదు. ప్రతిఫలం ఎంతో, పని ఏమిటో ముందే నిర్ణయించబడాలి. కాని ఆ పని వల్ల వచ్చేదాంట్లోనే భాగం కూలిగా ఇవ్వడాన్ని హనఫీలు అంగీకరించలేదు. పిండి విసిరినవానికి ఆ పిండిలోంచే ఒక కొలత కూలిగా ఇవ్వడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కూలి ఎంతవుతుందో, అసలు వస్తుందో రాదో తెలియని ఒప్పందం తకరారుకు దారితీస్తుందని వారి భయం. హంబలీలు మాత్రం ఇటువంటి భాగస్వామ్యాలకు చోటిచ్చారు. నేతపనిలో వాడుకను బట్టి బల్ఖ్ నగర హనఫీ పండితులు కూడా సడలింపు చూపారు. కనుక ఇది పండితులు అన్ని కాలాలలోనూ ఏకమై చెప్పిన మాట కాదు. అయినా వారందరినీ కలవరపెట్టిన అంశం ఒక్కటే, ఎంత పోతుందో తెలియని బేరం.

బాకీని మూడో మనిషికి అమ్మడం గూర్చి కూడా హనఫీలు ఇలాగే కఠినంగా ఉన్నారు. చేతిలో లేని సొమ్మును, అది రావలసిన మనిషికి కాక మరొకరికి అమ్మితే, ఇప్పించే శక్తి అమ్మినవానికి లేదు, తీసుకునే భరోసా కొన్నవానికి లేదు.

బాకీదారు ఉన్నవాడా, లేనివాడా?

వకీలును గూర్చి ఆలోచించే ముందు ధర్మశాస్త్రం మరొక ప్రశ్న అడుగుతుంది. చెల్లించవలసినవాడు ఉండి ఇవ్వనివాడా, లేక ఇవ్వలేనివాడా? దివ్యఖుర్ఆన్ ‘బఖరా’ సూరాలోని 282వ వాక్యం అప్పును పత్రంలో రాసుకోవాలని ఆదేశించింది. దానికి కొంచెం ముందే, 280వ వాక్యం, ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుకు వీలు కలిగేవరకూ గడువు ఇవ్వాలనీ, మాఫీ చేస్తే మరింత మేలనీ చెప్పింది. పత్రం రాయించుకోమన్న గ్రంథమే గడువు ఇవ్వమని కూడా చెప్పింది. మరోవైపు, స్తోమత ఉండి కూడా జాప్యం చేయడం అన్యాయమని దైవప్రవక్త (స) బోధించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది.

ఈ తేడాను తెలుసుకోవడానికే హనఫీ న్యాయంలో బాకీదారును కొంతకాలం నిర్బంధంలో ఉంచే పద్ధతి ఏర్పడింది. అది శిక్ష కాదు, దాచిన సొత్తు ఉందో లేదో తేల్చే ఉపాయం. విచారణలో సొత్తు లేదని తేలితే ఖాజీ అతణ్ణి విడిచిపెట్టాలి. ఆ తర్వాత కూడా అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో అప్పిచ్చినవాడు అతణ్ణి వెన్నంటి తిరగవచ్చు, సంపాదనలో మిగిలినది అడగవచ్చు, కాని పని చేసుకోనివ్వకుండా అడ్డుపడరాదు. ఈ వెన్నంటడాన్నే ‘ములాజమత్’ అన్నారు. డబ్బు పెట్టి మరొకరిని కుదుర్చుకోకుండా తానే తిరిగి వసూలు చేసుకునే మార్గమిది. దీనికయ్యే ఖర్చు తన కాలం మాత్రమే.

రాజీ మార్గానికి ప్రవక్త (స) కాలంలోనే ఒక ఉదాహరణ ఉంది. కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీని ఇబ్నె అబీ హద్రద్ (రజి)ను మస్జిదులో అడిగారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదులుకోమని కఅబ్‌కు చేతితో సైగ చేశారు. ఆయన వెంటనే వదులుకున్నారు. అప్పుడు ప్రవక్త (స) రెండో వ్యక్తితో, లేచి మిగిలినది చెల్లించమన్నారు. సాధారణంగా ఈ ఘటనలో మొదటి భాగాన్నే చెప్పుకుంటారు. రెండో భాగం కూడా అంతే ముఖ్యం. సగం వదులుకున్న తర్వాత మిగిలిన సగం వాయిదా పడలేదు, అప్పటికప్పుడే చెల్లింపుకు వచ్చింది.

ఆర్కాటు నవాబు బాకీలు

ఇక ఈ సూత్రాలు చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఎలా పరీక్షకు నిలిచాయో చూడవలసి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ప్రాంతం ఆర్కాటు నవాబుల పాలనలో ఉండేది. వారిలో మహమ్మద్ అలీ వాలాజా తన కాలంలో పేరుమోసిన బాకీదారు. కర్నాటక యుద్ధాల ఖర్చు కింద ఆయన తిరుపతి ఆదాయాన్ని ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. అంటే బాకీ వసూలు హక్కు మూడో చేతికి మారింది. దాని ఫలితం ప్రశాంతంగా లేదు. 1753లో మహమ్మద్ కమాల్ అనే సేనాని ఆ ఆదాయం కోసమే తిరుపతి మీదికి రాగా కంపెనీ సేన పోరాడవలసి వచ్చింది. వసూలయ్యే సొమ్ములో కొంత దానిని కాపాడే తుపాకులకే పోయింది.

నవాబు ప్రైవేటు వ్యక్తులకు రాసిచ్చిన పత్రాల కథ మరింత విచిత్రమైనది. అవి చేతులు మారాయి, వడ్డీకి వడ్డీ చేరింది, చివరకు లండన్ పార్లమెంటు దాకా వెళ్ళాయి. 1785లో ఎడ్మండ్ బర్క్ వాటిని ఖండిస్తూ సుదీర్ఘంగా ప్రసంగించాడు. 1801లో కర్నాటక రాజ్యం కంపెనీ వశమైన తర్వాత, 1805 ఒప్పందం ప్రకారం ఈ బాకీల నిజానిజాలు తేల్చడానికి కమిషనర్లు నియమించబడ్డారు. సుమారు 25 ఏళ్ళ విచారణలో వారి ముందుకు వచ్చిన క్లెయిములు దాదాపు 3 కోట్ల పౌన్లు. న్యాయమైనవిగా అంగీకరించబడినవి 27 లక్షల పౌన్ల లోపు. బాకీని సరుకులాగా అమ్ముకుంటూ పోతే అసలు నిజం ఎంత పలచబడుతుందో ఈ అంకెలు చెబుతాయి. బాకీ అమ్మకాన్ని గూర్చి హనఫీ పండితులు ఎందుకు జంకారో అర్థం చేసుకోవడానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

చిత్తూరులో న్యాయస్థానాలు

1802లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో కోర్టులను ఏర్పాటు చేసినప్పుడు నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు వెలిశాయి. వాటిలో మధ్య విభాగపు కోర్టుకు చిత్తూరు కేంద్రమయింది. ఇంగ్లీషు జడ్జీలకు తోడుగా ముస్లిం ధర్మాధికారులు, హిందూ పండితులు ఈ కోర్టులలో ఉండేవారు. వకీళ్ళు కూడా సర్కారు నియమాలకు లోబడినవారయ్యారు. నవాబు దర్బారులో వకీలంటే ప్రభువు తరఫు రాయబారి. కోర్టులో వకీలంటే కక్షిదారు తరఫున మాట్లాడే మనిషి. తెలుగు ప్రజల మనసులో ఆ మాటకు నేటి అర్థం స్థిరపడింది ఈ మార్పుతోనే.

పెద్ద కోర్టులు చిన్న తగాదాలకు పనికిరావని కొద్ది కాలానికే తేలిపోయింది. పది రూపాయల బాకీ కోసం పల్లెటూరి మనిషి చిత్తూరు వచ్చి, వకీలును పెట్టి, సత్రంలో వారాల తరబడి ఉంటే, గెలిచినా ఓడినా అతనికి మిగిలేది ఒకటే. అంతకు ముందు రాయలసీమ దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో దీనిని గుర్తించాడు. 1816 రెగ్యులేషన్లు ఆయన సిఫార్సుల ఫలితమే. వాటి ప్రకారం 10 రూపాయల లోపు తగాదాలు గ్రామ మునసబుకు, 200 రూపాయల లోపువి జిల్లా మునసబుకు అప్పగించబడ్డాయి. బాకీ కంటె బాకీ వసూలు ఖర్చు పెరగకూడదన్నదే ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన.

ప్రొవిన్షియల్ కోర్టులు 1843లో రద్దయ్యాయి. 1859లో మొదటి సివిల్ ప్రొసీజర్ కోడు వచ్చింది. 1864లో కోర్టులలోని ధర్మాధికారుల, పండితుల పదవులు రద్దయ్యాయి. ఫత్వా చెప్పే మనిషి కోర్టు నుంచి వెళ్ళిపోయాడు. అతని భాష మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఒక బాకీదారు కుమారుడు

ఈ కాలపు చిత్తూరు నుంచే ఒక మనిషి కథ మనకు దొరుకుతుంది. ఆయన పేరు కలమూర్ వీరవల్లి రంగనాథశాస్త్రి. చిత్తూరు సమీపంలోని ఒక గ్రామంలో 1819 ప్రాంతంలో పుట్టారు. తండ్రి సంస్కృత పండితుడు, బీదవాడు. చెల్లించవలసిన సొమ్ము చెల్లించలేక ఆ తండ్రి జైలుపాలయ్యాడు. ఇంట్లో ఏటేటా పెట్టవలసిన తద్దినం దగ్గరపడింది. పిల్లవాడైన రంగనాథుడు చిత్తూరు జడ్జి కాసమేజర్ దగ్గరికి వెళ్ళి, తండ్రిని ఆ కర్మ నిమిత్తం విడిచిపెట్టమనీ, ఆయన తిరిగి వచ్చేవరకూ ఆయన బదులు తాను జైలులో ఉంటాననీ వేడుకున్నాడు. జడ్జి చలించి తండ్రిని విడిపించాడు. కుర్రవాడి తెలివిని గుర్తించి అతనికి ఇంగ్లీషు చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు.

ఆ కుర్రవాడు పెరిగి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యాడు. పారసీ, అరబీలతో సహా అనేక భాషలు నేర్చాడు. 1859లో మద్రాసు స్మాల్ కాజ్ కోర్టుకు జడ్జిగా నియమించబడ్డాడు. ఆ పదవిని అందుకున్న మొదటి భారతీయుడాయన. 1881లో మరణించారు. స్మాల్ కాజ్ కోర్టంటే చిన్న బాకీల కోర్టే. ఒకప్పుడు తండ్రి తరఫున జామీనుగా తన శరీరాన్నే ఇవ్వజూపిన పిల్లవాడు, తర్వాత ఇరవై ఏళ్ళ పాటు ఇతరుల చిన్న బాకీల మీద తీర్పులు చెప్పాడు.

ఆ తండ్రిని జైల్లో పెట్టినందువల్ల అప్పిచ్చినవారికి రావలసిన సొమ్ము ఒక్క రోజు ముందుగా రాలేదన్నది ఈ కథలో గమనించవలసిన విషయం. లేనివాణ్ణి బంధిస్తే సొమ్ము పుట్టదు. ఖాజీ నిర్బంధం సొత్తు దాచినవాడి కోసమే గాని లేనివాడి కోసం కాదని హనఫీ పండితులు చెప్పడంలోని వివేకం ఇదే. దాదాపు ఒకటిన్నర శతాబ్దం తర్వాత, 1980లో, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సుప్రీంకోర్టులో జాలీ జార్జ్ వర్గీస్ కేసు తీర్పులో ఇదే సూత్రాన్ని స్థాపించారు. బాకీ చెల్లించలేదన్న ఒక్క కారణంతో మనిషిని సివిలు జైలుకు పంపరాదనీ, చెల్లించే శక్తి ఉండి దురుద్దేశంతో ఎగవేసినట్లు రుజువు కావాలనీ ఆ తీర్పు సారాంశం.

డిక్రీ తర్వాతి కష్టాలు

భారతదేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చిన తర్వాతనే మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే గుర్తించింది. ఆనాటి కాలపరిమితి నియమాలు కూడా ఆ కష్టాలను పెంచాయి. డిక్రీ అమలుకు మూడేళ్ళలోగా ఏదో ఒక చర్య తీసుకుంటూ ఉండాలి. లేకపోతే హక్కు పోతుంది. అందువల్ల సొమ్ము రాదని తెలిసినా, డిక్రీని బతికించుకోవడం కోసమే దరఖాస్తులు పడుతుండేవి. 1963 కాలపరిమితి చట్టం దీనిని మార్చి, సొమ్ము డిక్రీకి పన్నెండేళ్ళ గడువు ఇచ్చింది. తొందరపెట్టి సంతకం పెట్టించుకునే దళారి మాట నమ్మే ముందు ఈ పన్నెండేళ్ళ లెక్క గుర్తుంచుకోవడం మంచిది.

దళారులు ఆనాడూ ఉన్నారు. 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలోనూ, దాని సవరణల్లోనూ కోర్టు దళారుల పేర్ల జాబితా తయారు చేసి వారిని కోర్టు ఆవరణలోకి రానివ్వకుండా చేసే అధికారం జడ్జీలకు ఇవ్వబడింది. 2023లో అడ్వకేట్స్ చట్టాన్ని సవరించినప్పుడు కూడా ఈ దళారుల నిబంధనను మళ్ళీ చేర్చవలసి వచ్చిందంటే వ్యాధి ఎంత పాతదో తెలుస్తుంది. దళారి అన్నది కూడా అరబీ మాటే. మూలంలో దారి చూపేవాడు అని అర్థం.

వచ్చినదాంట్లో భాగం తీసుకునే ఒప్పందాల సంగతీ కోర్టులు తేల్చాయి. బయటివాడు ఖర్చు పెట్టి, ఫలితంలో వాటా తీసుకునే ఒప్పందం ఈ దేశంలో దానంతటదే చెల్లనిది కాదనీ, అయితే అది అన్యాయంగా, దోపిడీగా ఉంటే కోర్టు అమలు చేయదనీ 1876లో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. అడ్వకేటు విషయంలో మాత్రం నియమం కఠినం. కేసు ఫలితంలో వాటాను ఫీజుగా కుదుర్చుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బార్ కౌన్సిల్ నియమాలు కూడా దానిని నిషేధిస్తున్నాయి. పిండి విసిరినవాని కూలిని గూర్చి ఫిఖ్హ్ గ్రంథాలు పడిన భయమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

వసూలుకు బలవంతుల్ని పంపడం గూర్చి చెప్పనక్కరలేదు. 2007లో ఒక బ్యాంకు కేసులో, బాకీ వసూలుకు కండబలం వాడడాన్ని సుప్రీంకోర్టు తీవ్రంగా గర్హించింది. బెదిరించి తెచ్చిన సొమ్ము వల్ల బాకీ తీరవచ్చు గాని, అప్పిచ్చినవాడు వాది స్థానం నుంచి నిజంగానే ముద్దాయి స్థానానికి జారిపోతాడు.

నిర్ణయం ఎలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇరవై వేల రూపాయల డిక్రీ ఉన్న వర్తకుడు ముందుగా తెలుసుకోవలసింది వకీలు ఎవరన్నది కాదు, బాకీదారు ఎవరన్నది. అతడు కూలిపని చేసేవాడైతే సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారం అతని కూలిని జప్తు చేయడానికే వీలులేదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపు, చేతివృత్తివాని పనిముట్లు కూడా జప్తుకు రావు. అటువంటివాని మీద ఎంత సమర్థుడైన వకీలును పెట్టినా రాబడి ఉండదు, ఖర్చే మిగులుతుంది. గడువు ఇవ్వడమో, వాయిదాలుగా పుచ్చుకోవడమో, కొంత వదులుకోవడమో అక్కడ ధర్మమూ, లాభమూ కూడా.

బాకీదారు నెల జీతగాడైతే లెక్క వేరు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు నుంచి మినహాయింపు. అతని జీతం 16,000 అనుకుంటే, వెయ్యి పోగా మిగిలిన 15,000లో మూడో వంతు, అంటే నెలకు 5,000 జప్తు చేయవచ్చు. ఇరవై వేలు నాలుగు నెలల్లో వస్తుంది. ఇందుకు కావలసిందల్లా అతడు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలియడం. ఆ ఒక్క సమాచారం కోసం వసూలు సొమ్ములో పావు వంతు మూడో మనిషికి రాసివ్వడం తెలివి కాదు. ఆస్తుల వివరాలు ప్రమాణపత్రం మీద చెప్పమని బాకీదారును ఆదేశించే అధికారం 21వ ఆర్డరు 41వ రూలు కింద కోర్టుకే ఉంది.

డిక్రీ ఉన్న మనిషి తానే కోర్టుకు హాజరై అమలు దరఖాస్తు వేసుకోవచ్చు, చట్టం అడ్డుచెప్పదు. ఇదే నేటి ములాజమత్. అయితే చిత్తూరు ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. బాకీదారు వేలూరుకో, బెంగుళూరుకో వెళ్ళిపోతే డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించాలి, భాషా మారుతుంది, ప్రయాణ ఖర్చూ పెరుగుతుంది. అక్కడ అడ్వకేటు సహాయం తీసుకోవడం అనవసరపు ఖర్చు కాదు. ఫీజు మాత్రం వసూలు మీద ఆధారపడకుండా, ఇంత అని ముందే నిర్ణయించుకోవాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, ఆదాయం తక్కువగా ఉన్నవారికి 1987 న్యాయసేవా చట్టం కింద ఉచితంగా అడ్వకేటును ఇచ్చే ఏర్పాటు జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు.

సహాయం పెట్టుకున్న తర్వాత జుఫర్ మాట జ్ఞాపకం చేసుకోవలసిన చోటు ఒకటి ఉంది. వకాల్తా పత్రంలో, కక్షిదారు తరఫున సొమ్ము పుచ్చుకునే అధికారం కూడా సాధారణంగా అచ్చయి ఉంటుంది. చాలామంది దానిని చదవకుండానే సంతకం పెడతారు. వాదించే అధికారం ఇస్తూ, పుచ్చుకునే అధికారం తన దగ్గరే ఉంచుకోదలచినవారు ఆ మాటను ముందే కొట్టివేయించవచ్చు. అది వకీలును అవమానించడం కాదు. నిజాయితీపరుడైన వకీలుకు కూడా అది భారం తగ్గించేదే.

చెల్లించేవాడు కూడా జాగ్రత్తపడాలి. నేను ఫలానావాని వకీలునని వచ్చినవాని చేతిలో సొమ్ము పెట్టి, తర్వాత అసలు మనిషి కాదంటే, బాకీదారు మళ్ళీ చెల్లించవలసి వస్తుందని హిదాయా హెచ్చరించింది. నేటి చట్టంలో, కోర్టు వెలుపల చేసిన చెల్లింపు కోర్టు రికార్డులోకి ఎక్కకపోతే అమలు కోర్టు దానిని లెక్కలోకి తీసుకోదు. కోర్టులో జమ చేయడమో, బ్యాంకు ద్వారా పంపడమో ఇద్దరికీ క్షేమం.

2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు అమలు దరఖాస్తులను ఆరు నెలల్లో తేల్చాలని ఆదేశించింది. 2025లో లెక్కలు తెప్పించి చూస్తే దేశంలో 8 లక్షల 80 వేలకు పైగా అమలు దరఖాస్తులు పెండింగులో ఉన్నట్లు తేలింది. ఈ ఆలస్యంలోనే దళారికి చోటు దొరుకుతుంది. కోర్టు ఎంత త్వరగా పనిచేస్తే అతని అవసరం అంత తగ్గుతుంది.

కనుక చిన్న డిక్రీ ఉన్నవాడు మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. చెల్లించవలసినవానికి స్తోమత ఉందా? ఉంటే, తాను స్వయంగా చేయలేని పని ఏది? ఆ పనికి పెట్టుకున్న మనిషి చేతికి సొమ్ము కూడా ఇవ్వడం అవసరమా? మొదటి ప్రశ్నకు లేదన్న జవాబు వస్తే మిగిలిన రెండూ అక్కరలేదు. రెండో దానికి జవాబు దొరికితే ఎంత సహాయం కావాలో తెలుస్తుంది. మూడో ప్రశ్నకు ఎనిమిది శతాబ్దాల క్రితమే ఫర్గానా పండితుడు ఇచ్చిన సమాధానం తిరుపతి కోర్టు ఆవరణలో కూడా వర్తిస్తుంది. మాటకు ఒకరిని నమ్మవచ్చు, చేతికి నమ్మే ముందు మళ్ళీ ఒకసారి ఆలోచించాలి.